టెక్ సందేహాలు: ఒకే పేరుతో మూడు ఆల్బమ్‌లు... ఏది వినాలి?

బ్రాడ్‌వే సంగీత నాటకాల ఆల్బమ్‌ల గురించి కొంతకాలంగా వచ్చిన ప్రశ్నలకు ఈసారి ఒకేచోట జవాబులిస్తున్నాను. ఈ సంగతి తెలియని కొత్తవారికి ఒక్క మాట. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే థియేటర్లలో ఆడే సంగీత నాటకం పాటలను, అందులో నటించినవారి చేతనే స్టూడియోలో పాడించి విడుదల చేస్తే దాన్ని కాస్ట్ రికార్డింగ్ అంటారు. మన పద్యనాటకంలో లాగే వేషం కట్టినవారే పాడతారు, నేపథ్య గాయకులు ఉండరు. 1943లో ‘ఓక్లహోమా!’ పాటలను డెక్కా కంపెనీ 78 ఆర్‌పీఎం రికార్డుల సెట్టుగా తెచ్చింది. అది విపరీతంగా అమ్ముడుపోవడంతో ఈ ఆనవాయితీ స్థిరపడింది.

మన ఫోన్లలోని మ్యూజిక్ యాప్‌లు విడి పాటలను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. కాస్ట్ రికార్డింగ్ మాత్రం మొదటి పాట నుంచి చివరి పాట వరకు నడిచే కథ. మీరు రాసిన ఇబ్బందుల్లో చాలావరకు ఇక్కడే పుట్టాయి.

‘మై ఫెయిర్ లేడీ’ అని వెతికితే ఒకే పేరుతో చాలా ఆల్బమ్‌లు వస్తున్నాయి. రెండింటి అట్ట మీద బొమ్మ కూడా దాదాపు ఒకటే. వీటిలో అసలైనది ఏది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, హైదరాబాద్

మీరు మూడింటిని గుర్తుపట్టగలిగితే చాలు. మొదటిది 1956 నాటి బ్రాడ్‌వే ఆల్బమ్. ఆ ఏడాది మార్చి 15న నాటకం మొదలైంది. మార్చి 25 ఆదివారం, థియేటర్‌కు సెలవు రోజున, నటీనటులందరినీ పిలిపించి కొలంబియా రికార్డ్స్ దాన్ని రికార్డు చేసింది. న్యూయార్క్ 30వ వీధిలో ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనమే ఆ కంపెనీ స్టూడియో. అప్పటికి మోనో రోజులు, అంటే రెండు వైపులా ఒకే ధ్వని వినిపించేది. తర్వాత ఎడమ, కుడి వైపుల వేర్వేరు ధ్వని వినిపించే స్టీరియో రికార్డులు రావడంతో నాటకంలోని ముఖ్య నటులు రెక్స్ హ్యారిసన్, జూలీ ఆండ్రూస్, స్టాన్లీ హాలోవే 1959లో లండన్‌లో అవే పాటలను మళ్లీ పాడారు. మీరు చూసిన రెండో అట్ట దానిదే. మూడోది 1964 నాటి సినిమా ఆల్బమ్. అందులో కథానాయిక ఆడ్రీ హెప్‌బర్న్ అయినా, పాటల్లో వినిపించేది ఎక్కువగా మార్నీ నిక్సన్ గొంతు.

యాప్‌లో ఆల్బమ్ పేరు పక్కన కనిపించే సంవత్సరాన్ని నమ్మకండి. చాలాసార్లు అది ఆ కూర్పును తిరిగి విడుదల చేసిన ఏడాది అవుతుంది. పాటల జాబితా దాటి పేజీ చివరి దాకా వెళ్లండి. అక్కడ చిన్న అక్షరాల్లో, వలయంలో ‘పి’ అక్షరం ఉన్న గుర్తు పక్కన ఒక ఏడాది, కంపెనీ పేరు ఉంటాయి. అది సౌండ్ రికార్డింగ్ హక్కుల గుర్తు. ఆ ఏడాదిని, గాయకుల పేర్లను కలిపి చూస్తే ఏది ఏదో సాధారణంగా తేలిపోతుంది. ఇంకా అనుమానముంటే నటీనటుల వివరాలకు బ్రాడ్‌వే లీగ్ నడిపే ఇంటర్నెట్ బ్రాడ్‌వే డేటాబేస్, కూర్పుల వివరాలకు డిస్కాగ్స్ వెబ్‌సైటు చూడండి. రెండూ ఉచితమే.

నన్నడిగితే 1956 ఆల్బమే వినండి. 1959 నాటిది ధ్వనిపరంగా స్పష్టమైనది, కాదనను. అయితే మూడేళ్లు రోజూ పాడి నలిగిన పాటకు, ప్రదర్శనలు మొదలైన పది రోజులకే పాడిన పాటకు తేడా ఉంటుంది. హ్యారిసన్ మాటకూ పాటకూ నడుమ నడిపే ఆ పలుకులో మొదటిసారి ఉన్న పదును రెండోసారి నాకు వినిపించలేదు.

వెతికేటప్పుడు నాటకం పేరు తర్వాత ‘ఒరిజినల్ బ్రాడ్‌వే కాస్ట్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. ప్రతి నాటకానికీ బ్రాడ్‌వే ఆల్బమ్ ఉంటుందని మాత్రం అనుకోవద్దు. ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా’ 1988 నుంచి 2023 దాకా బ్రాడ్‌వేలో ఆడింది కానీ, అందరూ వినేది 1986 నాటి లండన్ బృందం ఆల్బమ్. ముఖ్య పాత్రధారులు రెండుచోట్లా వారే కావడంతో బ్రాడ్‌వే కోసం వేరే ఆల్బమ్ చేయలేదు. ఎ.ఆర్. రెహమాన్ ‘బాంబే డ్రీమ్స్’ 2004లో బ్రాడ్‌వేకు వెళ్లింది. మీకు యాప్‌లో దొరికేది మాత్రం 2002 నాటి లండన్ ఆల్బమ్.

‘హామిల్టన్’ నాటకం ఆల్బమ్ విన్నాక ఈ సంగీతం మీద ఇష్టం కలిగింది. కానీ యాప్ ఎప్పుడూ అవే నాలుగైదు నాటకాలను సూచిస్తోంది. కొత్తవి ఎలా పట్టుకోవాలి?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

యాప్ సిఫారసులు ఎక్కువమంది వినేవాటి వైపు మొగ్గుతాయి. మీరు పేర్లను పట్టుకుని వెళ్లండి. పాట పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ తెరిస్తే స్వరకర్త, నిర్మాత పేర్లు వస్తాయి. వాటితో మళ్లీ వెతకండి.

ఉదాహరణకు స్వరకర్త స్టీఫెన్ సాండ్‌హైమ్ పేరుతో వెళ్తే ‘మెరిలీ వుయ్ రోల్ అలాంగ్’ అనే నాటకం తగులుతుంది. 1981లో అది 16 ప్రదర్శనలకే మూతపడింది. అయినా ఆర్‌సీఏ కంపెనీ తరఫున నిర్మాత థామస్ షెపర్డ్ ఆ బృందాన్ని స్టూడియోకు పిలిచి ఆల్బమ్ చేశారు. నాటకం పోయింది, అప్పటికే ఉద్యోగం పోయిన ఆ బృందంలోని కుర్రాళ్లు మాత్రం ప్రాణం పెట్టి పాడారు. ఆ ఆల్బమ్ విన్నవారే ఈ నాటకాన్ని మరచిపోనివ్వలేదని నా నమ్మకం. 2023లో అది తిరిగి బ్రాడ్‌వేకు వచ్చింది, 2024లో ఉత్తమ పునఃప్రదర్శనగా, బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే టోనీ అవార్డు గెలిచింది. 1981 ఆల్బమ్‌నూ, 2023 బృందం ఆల్బమ్‌నూ వెంటవెంటనే వినండి. అదే స్వరకర్త రాసిన ‘ఎనీవన్ కెన్ విజిల్’ 1964లో 9 ప్రదర్శనలే ఆడింది. దాన్నీ కొలంబియా రికార్డు చేయించి నిలబెట్టింది. అపజయం పాలైన నాటకాల ఆల్బమ్‌లను వెతికి వినడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని.

పాటకూ పాటకూ మధ్య అర క్షణం నిశ్శబ్దం వస్తోంది. సంగీతం తెగిపోయినట్టుంటోంది. ఫోను లోపమా?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

ఫోను బాగానే ఉంది. ‘హామిల్టన్’లో 46 ట్రాకులున్నాయి. చాలాచోట్ల ఒకదాని చివరి స్వరం మీదే తర్వాతిది మొదలవుతుంది. స్పాటిఫై సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ విభాగానికి వెళ్లి గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా వినిపించేది) ఆన్ చేయండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేది) సున్నాకు తగ్గించండి, పాటలను తనంతట తానే కలిపే ఆటోమిక్స్ ఆపండి. ఆపిల్ మ్యూజిక్‌లోనూ క్రాస్‌ఫేడ్ లాంటివి ఆపితే చాలు. పాటల వరుసను కలిపేసే షఫుల్ ఆన్‌లో ఉంటే, రెండో అంకంలో చనిపోయిన పాత్ర మూడు నిమిషాల తర్వాత లేచి పాడుతుంది. దాన్ని ముందుగా ఆపండి.

మీ సొంత ఎంపీ3 ఫైళ్లలోనే ఈ ఖాళీ వస్తుంటే కారణం వేరు. ఎంపీ3 ధ్వనిని 1,152 శాంపిళ్ల (ధ్వని కొలతల) చొప్పున ముక్కలు చేస్తుంది. చివరి ముక్క నిండకపోతే మిగతా చోటును నిశ్శబ్దంతో నింపుతుంది. మొదట్లోనూ కొంత నిశ్శబ్దం చేరుతుంది. ఎంత చేరిందో ఎంపీ3 ఫైళ్లను తయారుచేసే ‘లేమ్’ ఎన్‌కోడర్ ఫైల్లోనే రాసిపెడుతుంది. దాన్ని చదవగలిగే ఫూబార్2000 వంటి ప్లేయర్ ఆ ఖాళీని కత్తిరించి వినిపిస్తుంది. సీడీలు మీ దగ్గరే ఉంటే, ధ్వనిలో ఏమీ పోగొట్టని ఫ్లాక్ ఫైళ్లుగా మార్చుకోండి, ఈ బాధే ఉండదు.

మార్చాక ఒక ఆల్బమ్ ఇరవై ముక్కలై కనిపిస్తోందని మీరే ఇంకో ఉత్తరంలో రాశారు. ప్రతి పాటలో గాయకుల పేర్లు మారుతుంటాయి కాబట్టి ప్లేయర్ వాటిని వేర్వేరు ఆల్బమ్‌లనుకుంటోంది. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఆ పాటలన్నీ ఎంచుకుని ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడిలో ఒకే పేరు ఇవ్వండి. అన్నీ ఒకచోట చేరతాయి.

బస్సులో ఒక ఇయర్‌బడ్‌తోనే వింటాను. పాత ఆల్బమ్‌లో ఒక పాత్ర గొంతు వినపడడం లేదు.
– ఒక విద్యార్థి, తిరుపతి

స్టీరియో కొత్తగా వచ్చిన రోజుల్లో, రంగస్థలం మీద నటులు అటూ ఇటూ నిలబడినట్టు తోచడానికి ఒకరి గొంతును ఎడమవైపు, మరొకరిది కుడివైపు పెట్టేవారు. ఒక చెవిలోనే వింటే సగం సంభాషణ పోతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో ఆన్ చేయండి. రెండు వైపులా ఉన్నది ఒకే చెవిలో వినిపిస్తుంది.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. తను చూసిన నాటకాల పాటలను ఇద్దరం ఒకేసారి వింటూ మాట్లాడుకోవాలని ఉంది. ఇంగ్లిష్ పాటలు వేగంగా ఉంటే నాకు కథ అందడం లేదు.
– ఒక గృహిణి, విజయవాడ

ఇద్దరికీ స్పాటిఫై ప్రీమియం ఉంటే జామ్ అనే సదుపాయం వాడండి. మీ అమ్మాయి లింకు పంపితే మీరు నొక్కి చేరవచ్చు, ఇద్దరికీ ఒకే పాట ఒకే సమయంలో నడుస్తుంది. మాటలకు వేరే ఫోనులోనో ట్యాబ్‌లోనో కాల్ పెట్టుకోవడం మేలు. ఇద్దరివీ ఐఫోన్లయి, ఇద్దరికీ ఆపిల్ మ్యూజిక్ చందా ఉంటే ఫేస్‌టైమ్‌లో షేర్‌ప్లే ఇంకా సులువు. మాట, పాట ఒకేచోట ఉంటాయి.

కథ కోసం ముందుగా పావుగంట కేటాయించండి. పాత సీడీలతో కథాసంగ్రహం ఉన్న చిన్న పుస్తకం వచ్చేది, యాప్‌లలో అది లేదు. నాటకాల ప్రదర్శన హక్కులు ఇచ్చే మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ వెబ్‌సైటులో చాలా నాటకాల పూర్తి కథ, అంకాల వారీగా, ఉచితంగా దొరుకుతుంది. ఫోనులో తెరిచి అనువాదం నొక్కితే తెలుగులోనూ చదవవచ్చు. పేర్లు అటూ ఇటూ అయినా కథ అర్థమవుతుంది. మొదటి రోజు మొదటి అంకంతో ఆపండి. రెండో అంకం మొదలుపెట్టే ముందు, ఇప్పటిదాకా ఎవరికి ఎవరి మీద కోపమో మీ అమ్మాయిని అడగండి.