ఏదీ వదలకు తమ్ముడూ, మూడూ రాయి

తమ్ముడూ,

నీ మెయిల్ చూశాను, నువ్వు పంపినవన్నీ కూర్చుని చదివాను, మిస్టరీ చాప్టర్లు, ప్రేమకథ, కవితలు అన్నీ. ఏదో ఒకటి పట్టుకోకపోతే ఎక్కడా నిలబడవని అందరూ అంటున్నారు, ఏది వదిలెయ్యమంటావక్కా అని అడిగావ్. ఏదీ వదలొద్దు. కాకపోతే మూడింటినీ ఒకేలా రాయొద్దు, నీ సమస్య అక్కడుంది, అదే చెప్తాను.

ఇలా రాసినవాళ్లు ముందు లేరా అంటే ఉన్నారు. ఎడ్గార్ అలన్ పో 1841లో డిటెక్టివ్ కథలకి దారి వేసిన కథ రాశాడు, 1845లో 'ది రేవెన్' అనే కవితతో బాగా పేరు తెచ్చుకున్నాడు. సిసిల్ డే లూయిస్ అనే కవి ఇంటి పైకప్పు రిపేరుకి డబ్బు కావాల్సొచ్చి నికొలస్ బ్లేక్ పేరుతో డిటెక్టివ్ నవల రాశాడు, అది 1935లో వచ్చింది, ఆ తర్వాత కూడా ఆపకుండా రాస్తూనే పోయాడు, 1968లో బ్రిటన్ ఆస్థానకవి అయ్యాడు. హత్యల కథలు రాసినందుకు ఆయన కవిత్వానికి వచ్చిన నష్టం ఏమీ లేదు. మన ఆరుద్ర గారు 'త్వమేవాహం' కావ్యం రాసిన చేత్తోనే డిటెక్టివ్ నవలలూ రాశారు, సినిమాలకి ప్రేమ పాటలూ రాశారు. కాబట్టి నిన్ను భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోకు.

ఇప్పుడు నీ మూడో చాప్టర్ తీయి. పనిమనిషి ఇన్‌స్పెక్టర్‌తో "అయ్యగారు ఆ రాత్రి ఎవరికీ తలుపు తియ్యలేదండీ" అంటుంది. మొదటిసారి చదివితే ఇంటికి ఎవరూ రాలేదు అనుకుంటాం. హంతకుడు ఎవరో తెలిశాక వెనక్కెళ్లి చదివితే తలుపు తియ్యాల్సిన పనే లేదు, వాడు అప్పటికే లోపలున్నాడు. ఒకే వాక్యం, అబద్ధం లేదు, రెండోసారికి అర్థం మారిపోయింది. ఇది నీకు కవిత్వం నేర్పింది తమ్ముడూ, ఒక మాటలో రెండు అర్థాలు పట్టేలా రాయడం కవికి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు, నాకు చదవగానే ఎంత సంతోషమేసిందో. కానీ ఆ వెంటనే నువ్వు "ఆమె గొంతులో ఏదో నీడ కదిలింది" అని రాశావ్. తీసెయ్. ఆ లైన్ చదివిన పాఠకుడు ఓహో ఇక్కడేదో ఉంది అని ఆగిపోతాడు, క్లూ దాచినచోట దీపం పెట్టినట్టయింది. ఆవిడ మాటని పాల ప్యాకెట్ సంగతికీ కరెంటు పోయిన సంగతికీ మధ్యలో పడెయ్, అలా దాటిపోతాడు. క్లూ మాత్రం కళ్ల ముందే ఉండాలి, ఆఖర్లో కొత్తగా తెచ్చి పెడితే చదివేవాడు క్షమించడు, క్షమించకూడదు కూడా.

ప్రేమకథ సంగతి వేరు. అందులో వాళ్లిద్దరూ కలుస్తారని మొదటి పేజీలోనే అందరికీ తెలుసు, ఆ నమ్మకంతోనే పుస్తకం కొంటారు. ఇక మిగిలింది ఎలా కలుస్తారు, కలవడానికి వాళ్లలో ఏం మారాలి అనేది. నీ కథలో రెండో సగమంతా ఆ అమ్మాయి ఫోన్ ఎత్తకపోవడం మీద నడుస్తోంది. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే గొడవ మీద సగం పుస్తకం నిలబడదు. అడ్డం బయట నుంచి కాదు, వాళ్ల స్వభావంలోంచి రావాలి. తన నిర్ణయం ఎవరి చేతుల్లోనూ పెట్టలేని మనిషిగా ఆమెని మొదట్లో బాగా చూపించావ్ కదా, ఫోన్ ఎత్తకపోవడం కూడా అక్కడి నుంచే రానీ. 

కవితలకొస్తే, చివరి రెండు లైన్లలో అన్నీ విప్పి చెప్పేస్తున్నావ్, మిస్టరీ ఆఖరి చాప్టర్‌లాగా. కవితలో హంతకుణ్ణి పట్టుకోవాల్సిన పని లేదు. ఆ రెండేసి లైన్లూ కొట్టేసి చదివి చూడు, చాలావాటికి అదే సరిపోతుంది.

కలంపేరు గురించి కూడా అడిగావ్. డిటెక్టివ్ నవలలకి పేరుపడ్డ అగాథా క్రిస్టీ 1930 నుంచి మేరీ వెస్ట్‌మకాట్ పేరుతో హత్యల్లేని నవలలు ఆరు రాసింది, అది తనే అని చాలా ఏళ్లు బయటపడనివ్వలేదు. హత్య కోసం పుస్తకం తెరిచినవాడికి హత్య దొరకాలి కదా, కలంపేరు ఆ మాట ముందే చెప్పేస్తుంది. నీ మిస్టరీ బాగా చీకటిగా ఉంది, ప్రేమకథ మెత్తగా ఉంది, రెండిటికీ రెండు పేర్లు పెట్టుకుంటే మంచిదే, కవితలకి సొంత పేరు ఉంచుకో. కానీ రెండు పేర్లంటే రెండిటినీ జనానికి తెలిసేలా చెయ్యాలి, ఆ శ్రమకి సిద్ధపడే పెట్టుకో. అగ్రిమెంట్ సంతకం చేసేముందు ఆ కలంపేరు ఎవరిదవుతుందో, నీ తర్వాతి పుస్తకం కూడా వాళ్లకే ఇవ్వాలని రాశారేమో, ఇవ్వాలంటే అది మిస్టరీకి మాత్రమేనా నువ్వు రాసే ప్రతిదానికీనా, ఒక్కో లైన్ చదువు, అర్థం కాకపోతే తెలిసినవాళ్లకి చూపించు, సిగ్గుపడకు. డబ్బు వస్తే ఎక్కువగా నవలల మీదే వస్తుంది, కవితల మీద రాలేదని అవి తక్కువ అనుకోకు.

ఒకటి ఎడిటర్ దగ్గరుంటే ఇంకోటి మొదలెట్టు, ఖాళీగా ఎదురుచూడకు. ముందు మాత్రం మిస్టరీనే పూర్తి చెయ్, మూడింట్లో అదే తయారుగా ఉంది. మూడో చాప్టర్ సరిచేసి పంపు, దాంతో పాటు ఆ అమ్మాయి ఫోన్ ఎందుకు ఎత్తదో ఒక పేజీలో నాకోసం రాసి పంపు.

మీ అక్క