టెక్ సందేహాలు: బండికి జీపీఎస్ కొనాలా, ఫోన్ చాలదా?

బైకు మీద దారి చూసుకోవడం గురించి ఈమధ్య చాలా ప్రశ్నలు వచ్చాయి. విడివిడిగా చెబితే చెప్పిందే చెప్పాల్సి వస్తుంది కాబట్టి ఈసారి అన్నీ ఒకేచోట.

ప్రశ్న: నాది క్లాసిక్ 350. ఆగస్టులో నలుగురం కలిసి మనాలీ మీదుగా లేహ్ వెళ్తున్నాం. బైకుల కోసమే చేసిన గార్మిన్ జూమో జీపీఎస్ కొందామని ధర చూస్తే గుండె గుభేలుమంది. ఫోన్‌తో నెట్టుకురావచ్చా? కొండల్లో సిగ్నల్ లేకపోతే మ్యాప్ ఆగిపోతుందని టెన్షన్‌గా ఉంది. (హనుమకొండ పాఠకుడు)

జవాబు: ముందు ఆ టెన్షన్ సంగతి. జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు. సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతున్న ఉపగ్రహాల సంకేతాలను మీ ఫోన్ వింటుంది, అంతే. వాటికి తిరిగి ఏమీ పంపదు. సిగ్నల్ పోతే ఆగిపోయేవి కొత్త మ్యాప్ దిగడం, ట్రాఫిక్ వివరాలు. కాబట్టి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దారి పొడవునా మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో ప్రత్యామ్నాయ దారులు చూపించదు కాబట్టి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) ఆధారంగా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్ ఇంకొకటి పెట్టుకుంటే మంచిది. ఒక రాష్ట్రం మ్యాప్ దించుకుంటే పూర్తిగా నెట్ లేకుండానే నడుస్తుంది.

నెట్ లేనప్పుడు ఒక తేడా కనిపిస్తుంది. ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే లెక్కలను ఫోన్ మామూలుగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది. అది లేకపోతే ఉపగ్రహం నుంచే అందుకోవాలి, అక్కడ డేటా సెకనుకి 50 బిట్లే వస్తుంది. అందుకే పొద్దున బయల్దేరేటప్పుడు మీరున్న చోటు దొరకడం ఆలస్యమవుతుంది. ఆకాశం కనపడే చోట బండి ఆపి ఒకట్రెండు నిమిషాలు ఆగండి. ఫోన్ పాడైందనుకుని రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

సిమ్ గురించి ఇంకో మాట. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లదాఖ్‌లో పనిచేయవు. నలుగురిలో కనీసం ఇద్దరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండేలా చూసుకోండి, అదీ వేర్వేరు కంపెనీలవి.

ఇక జూమో. మంచి పరికరమే. జూమో ఎక్స్‌టీకి 5.5 అంగుళాల తెర ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోనూ కనిపిస్తుంది, గ్లవ్స్‌తో పనిచేస్తుంది, వానకి భయపడక్కర్లేదు. ఇంజిన్ వణుకును తట్టుకునేలా తయారుచేశారు. ఫోన్‌కి లేనివి సరిగ్గా ఇవే. కానీ ఆ డబ్బు ఎప్పుడు గిట్టుబాటవుతుందంటే, ఏటా ఇలాంటి ట్రిప్పులు వేసేవాళ్లకి, ముందుగా గీసుకున్న రూట్ ఫైలు వెంట మట్టిరోడ్ల మీద తిరిగేవాళ్లకి. మీరు వెళ్లే మనాలీ-లేహ్ హైవే మీద దారి తప్పడం కష్టం. అక్కడ అసలు ఇబ్బంది కొండచరియలు పడి రోడ్డు మూసేయడం, మధ్యాహ్నానికి వాగుల్లో నీళ్లు పెరగడం. అవి ఏ జీపీఎస్సూ ముందుగా చెప్పదు, ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్ చెబుతాడు. అన్నట్టు, 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్‌లో ఎంత ఖరీదైన పరికరానికైనా ఉపగ్రహాలు కనిపించవు. తప్పిపోవడానికి అందులో మలుపులూ లేవనుకోండి.

మీకు నా సలహా: బీరువాలో పడి ఉన్న పాత ఫోన్ బయటికి తీయండి. బ్యాటరీ ఉబ్బలేదు కదా, జీపీఎస్ ఊళ్లో సరిగ్గా చూపిస్తోంది కదా అని ఒక ఆదివారం తిరిగి చూడండి. బాగుంటే దాన్నే హ్యాండిల్ మీద పెట్టండి. నెట్ కావాలంటే జేబులో ఉన్న అసలు ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇవ్వొచ్చు. దారిలో ఊడిపడినా, తడిసినా పోయేది పాత ఫోనే. ఇంటికి ఫోన్ చేయడానికి, పెట్రోల్ బంకులో డబ్బు కట్టడానికి అసలుది భద్రంగా ఉంటుంది. మిగిలిన డబ్బులో కొంత మంచి హోల్డర్ మీద పెట్టండి.

ప్రశ్న: ఫుడ్ డెలివరీ చేస్తుంటాను, బండి స్ప్లెండర్. ఏడాదిగా ఫోన్ హ్యాండిల్ మీదే. ఇప్పుడు ఫొటో తీస్తే బొమ్మ వణుకుతోంది, దగ్గరి వస్తువులకి ఫోకస్ కుదరడం లేదు. షాపులో కెమెరా మార్చాలంటున్నారు. హోల్డర్ వల్లేనా? ఎలాంటిది కొనాలి? (విజయవాడ పాఠకుడు)

జవాబు: చాలావరకు హోల్డర్ వల్లే. ఈ కాలం ఫోన్ కెమెరాల్లో లెన్స్ గట్టిగా బిగించి ఉండదు. చేయి వణికినా ఫొటో చెదరకుండా, అయస్కాంతాల సాయంతో అటూ ఇటూ కదిలేలా వేలాడుతూ ఉంటుంది. ఇంజిన్ నుంచి హ్యాండిల్ గుండా వచ్చే సన్నటి వణుకు గంటల తరబడి తగిలితే ఆ ఏర్పాటు దెబ్బతింటుంది. ఆపిల్ సంస్థ 2021 సెప్టెంబరులోనే ఐఫోన్ల విషయంలో ఈ హెచ్చరిక చేసింది. పెద్ద ఇంజిన్ల బైకులకి ఫోన్ బిగించవద్దంది. చిన్న బండ్లకి, ఎలక్ట్రిక్ స్కూటర్లకి కూడా వణుకును పీల్చుకునే హోల్డర్ వాడమంది. ఇలాంటి కెమెరా ఏ కంపెనీ ఫోన్‌లో ఉన్నా ఇదే జరుగుతుంది. కెమెరా మార్పించినా హోల్డర్ మార్చకపోతే మళ్లీ ఏడాదికి అదే షాపుకి వెళ్తారు.

కొనేటప్పుడు ఫోన్ పట్టే భాగానికీ, హ్యాండిల్‌కి బిగిసే భాగానికీ మధ్య వణుకును పీల్చుకునే రబ్బరు లేదా సిలికాన్ దిమ్మ (డ్యాంపర్) ఉందా అని చూడండి. పట్టులో అంటించిన రబ్బరు ముక్కలు డ్యాంపర్ కాదు, అవి గీతలు పడకుండా మాత్రమే. కేవలం అయస్కాంతంతో పట్టేవి కారుకి సరే, మన గుంతల రోడ్లకి పనికిరావు. నాలుగు మూలలా పట్టి, లాక్ పడేది తీసుకోండి. డెలివరీలో రోజుకి ఎన్నోసార్లు ఫోన్ తీసి పెడతారు కాబట్టి, ఒక చేత్తో లాక్ తీయగలరా అన్నది షాపులోనే చూసుకోండి.

ఎక్కడ బిగించాలన్నది చాలామంది పట్టించుకోరు. మామూలు హ్యాండిల్ పైపు మందం 22 మిల్లీమీటర్లు ఉంటుంది, ఎక్కువ క్లాంపులు దానికి సరిపోతాయి. కొన్ని అడ్వెంచర్ బైకులకి మధ్యలో 28 మిల్లీమీటర్ల పైగా ఉంటుంది, కొలిచి కొనాలి. యమహా ఆర్15, కేటీఎం ఆర్‌సీ లాంటి స్పోర్ట్స్ బండ్లకి పైపు పైన ఖాళీ ఉండదు కాబట్టి, హ్యాండిల్ మధ్యనున్న నట్టు రంధ్రంలో కూర్చునే రకం తీసుకోవాలి. స్కూటర్లకి అద్దం కాడ దగ్గర బిగించేది నప్పుతుంది. కొన్ని యమహా బండ్లకి కుడి అద్దం మర ఉల్టాగా తిరుగుతుంది, మొండిగా తిప్పి మర కొట్టేయకండి.

తెర ఎంత పైకి, మీటరుకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. తల వంచి చూడాల్సి వస్తే ఆ క్షణం రోడ్డు చూడనట్టే. ట్యాంక్ బ్యాగ్ పైన ఫోన్ పెట్టుకోవడం నాకు అందుకే నచ్చదు. బిగించాక బండి సెంటర్ స్టాండ్ వేసి హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. ఫోన్ ట్యాంకుకి తగలకూడదు, క్లచ్ కేబుల్ గానీ బ్రేకు పైపు గానీ నలగకూడదు, చార్జింగ్ వైరు లాగకూడదు. యాక్సిలరేటర్ వదిలితే దానంతటది వెనక్కి రావాలి. వారం తర్వాత స్క్రూలన్నీ ఇంకోసారి బిగించండి, ఎందుకంటే వణుకుకి మొదటి వారంలోనే వదులవుతాయి. ఒక సన్నటి తాడు కూడా కట్టండి. చూడటానికి బాగుండదు, కానీ ఫ్లైఓవర్ మీద ఫోన్ ఎగిరి పడటం కన్నా నయం.

ప్రశ్న: హ్యాండిల్ దగ్గర యూఎస్‌బీ చార్జర్ పెట్టించాను. తాళం తీసేసినా దాని నీలం లైటు వెలుగుతూనే ఉంది. రెండు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ తీసుకోవడం లేదు. (ఒంగోలు పాఠకుడు)

జవాబు: మెకానిక్ నేరుగా బ్యాటరీకి కలిపేశాడు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకి మార్పించండి. ఇంకా మంచి పద్ధతి: బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి రిలే (కరెంటుతో దానంతటదే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) పెట్టి, ఆ రిలేని తాళంతో నడిచే లైను ఆన్ చేసేలా చేయడం. బ్యాటరీ పక్కనే చిన్న ఫ్యూజ్ తప్పనిసరి. హెడ్‌లైట్ వైరు కోసి కలుపుతామంటే ఒప్పుకోకండి, వారంటీ ఉన్న బండి అయితే అసలే వద్దు.

అయితే ఒక లెక్క వేయండి. ఉత్త లైటుకి 20 మిల్లీయాంపియర్లు పోతుందనుకుందాం. 48 గంటలకి దాదాపు 1 యాంపియర్-అవర్. మీ బండి బ్యాటరీ సామర్థ్యం 4 యాంపియర్-అవర్ అయినా ఇంకా మూడొంతులు మిగలాలి. రెండు రోజులకే సెల్ఫ్ తీయడం లేదంటే, వోల్టేజ్ అంకెలు చూపించే చార్జర్ అయ్యుండి ఎక్కువ తాగుతోంది, లేదా బ్యాటరీకే వయసైపోయింది. చార్జర్ వైరు తీసేసి రెండు రోజులు చూడండి, ఏదో తేలిపోతుంది.

ఎండాకాలంలో ఇంకో చిక్కు. ఎండ, తెర పూర్తి వెలుతురు, చార్జింగ్ మూడూ కలిస్తే ఫోన్ బాగా వేడెక్కిపోతుంది. ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని తయారీదారే చెబుతోంది, మన మే నెల సంగతి తెలిసిందే. వేడెక్కిన ఫోన్ ముందు తెర వెలుతురు తగ్గిస్తుంది, తర్వాత చార్జింగ్ ఆపేస్తుంది. అందుకని పొద్దున, సాయంత్రం చార్జ్ చేసుకుని, మధ్యాహ్నం వైరు తీసేయండి. వైర్‌లెస్ చార్జింగ్ హోల్డర్ ఇంకా వేడి, మన ఊళ్లకి వద్దనే అంటాను.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా బావగారు వచ్చేటప్పుడు జీపీఎస్ తెస్తానంటున్నారు. అక్కడిది ఇక్కడ పనిచేస్తుందా? (గుంటూరు పాఠకురాలు)

జవాబు: ఉపగ్రహాలు అందరికీ ఒకటే, మ్యాపే వేరు. అక్కడ కొన్నదానిలో ఉత్తర అమెరికా మ్యాప్ ఉంటుంది. ఇండియా మ్యాప్ విడిగా కొనాలి, లేదా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన ఉచిత మ్యాప్ ఎక్కించుకోవాలి. దానికి కాస్త కంప్యూటర్ ఓపిక కావాలి. ఒక్క విషయంలో మాత్రం బావగారికి గట్టిగా చెప్పండి: ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు, ఎస్‌ఓఎస్ (ఆపదలో సాయం కోరే సంకేతం) పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరాలు తేవద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా అలాంటివి మన దేశంలో వాడటం నేరం. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే మొదట నష్టపోయేది ఆయనే.

ప్రశ్న: హోల్డర్‌లో ఫోన్ పెట్టి మ్యాప్ చూస్తే చలానా వేస్తారా? (విశాఖ పాఠకుడు)

జవాబు: దారి చూసుకోవడానికి మాత్రమే, ఏకాగ్రత చెదరకుండా వాడుకోవచ్చని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2020లో చేర్చారు. అది అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. బండి నడుపుతూ చేత్తో పట్టుకుని చూసినా, టైపు చేసినా ఆ మినహాయింపు నిలవదు. అడ్రస్ బయల్దేరకముందే కొట్టి, హెల్మెట్ బ్లూటూత్‌లో మాట వింటూ వెళ్లండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాత్రి శ్రీశైలం బయల్దేరితే మ్యాప్ మన్ననూరు మీదుగా తీసుకెళ్లింది. తీరా చూస్తే చెక్‌పోస్టు గేటు మూసేశారు. దీనికి సెట్టింగ్ ఏమైనా ఉందా? (కూకట్‌పల్లి పాఠకుడు)

జవాబు: లేదు. పులుల అభయారణ్యం కాబట్టి ఆ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లు వదలరు. మ్యాప్‌లో గమ్యం శ్రీశైలం అని కాకుండా ముందు మన్ననూరు అని పెట్టి, అక్కడికి చేరే సమయం చూసుకోండి. అది రాత్రి 8:30 దాటుతుంటే ఇంట్లోనే పడుకుని, తెల్లవారుజామున బయల్దేరి 6 గంటలకి గేటు దగ్గరుండండి.