పిల్లలు మర్చిపోతున్నారని టీచింగ్ వదిలేయాలా?

ప్రశ్న: బి.ఎడ్. అయ్యాక నర్సంపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతికి సైన్స్ చెబుతున్నాను. చెప్పినప్పుడు పిల్లలు అర్థమైందంటారు, వారం తిరిగేసరికి మర్చిపోతారు. ఈ పని నాకు సరిపడదేమోనని టెన్షన్‌గా ఉంది. ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీకి కూడా చదువుతున్నాను. వేరే దారి చూసుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, తొందరపడకండి. పిల్లలు మర్చిపోతున్నారంటే మీకు చెప్పడం రాదని కాదు. టీచర్ అర్హత పరీక్ష టెట్ కోసం మీరు చదివిన, జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రరేఖ (కాలంతో పాటు మరుపు ఎలా పెరుగుతుందో చూపే గీత) గుర్తుందా? అర్థంలేని పదాలను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత పోతుందో లెక్కగట్టి 1885లో ప్రచురించాడాయన. మొదటి కొన్ని గంటల్లోనే చాలా భాగం పోతుంది, తర్వాత ఆ వేగం తగ్గుతుంది. అర్థమైన పాఠం ఇంత త్వరగా పోదు గానీ, మళ్లీ గుర్తుచేసుకోకపోతే అదీ నిలవదు. మనం దీన్ని ఒక బిట్‌గా చదివి వదిలేస్తాం.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగం మీరు తప్పకుండా తెలుసుకోవాలి. కొందరు కాలేజీ విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. మీ క్లాసులో వినిపించే ‘అర్థమైంది టీచర్’ ఆ ఐదు నిమిషాల నాటి మాట. పిల్లలు అబద్ధం చెప్పడం లేదు, కానీ ఆ మాట మీద పాఠం ముగించేయకండి.

పీరియడ్ మొదట్లో ఐదారు నిమిషాలు పుస్తకాలు మూయించండి. నిన్నటి పాఠం నుంచి ఒక ప్రశ్న, పోయిన వారంది ఒకటి, నెల కిందటిది ఒకటి. మొదటి బెంచీవాళ్లు చెయ్యెత్తితే సరిపోదు, అందరూ రఫ్ నోట్సులో రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి ఎవరిది వాళ్లే సరిచూసుకోవాలి. ఇది జరగకపోతే తప్పే మనసులో ఉండిపోవచ్చు. మార్కులు మాత్రం వేయొద్దు. స్లిప్ టెస్ట్ అంటే మన పిల్లలకు ఇప్పటికే భయం. ‘ఘర్షణ అంటే ఏమిటి’ అంటే గైడులోని వాక్యం అప్పజెబుతారు. వానపడ్డ మట్టి రోడ్డు మీద సైకిల్ ఎందుకు జారుతుందో అడగండి. జవాబు రాక కాసేపు మౌనంగా ఉంటే ఉండనివ్వండి, వెంటనే మీరు అందించకండి.

మీ డీఎస్సీ చదువుకూ ఇదే పద్ధతి. టెట్‌లో 150 మార్కులకు 30 శిశు వికాసం, పెడగాజీ (బోధనా శాస్త్రం)వే. డీఎస్సీలో టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ ఉంది. గైడులో మళ్లీ మళ్లీ గీతలు గీయడం మానేసి, పాత పేపర్లు ముందు పెట్టుకొని చూడకుండా రాయండి. ఉద్యోగం వదిలి హనుమకొండలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకోవడం మీకిప్పుడు అవసరమని నేననుకోను. ఈ విషయం మీద నిజంగా ఇష్టం పెరిగితే పీజీ, ఎం.ఎడ్., ఆ తర్వాత లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ లేదా సెట్ రాసి బి.ఎడ్. కాలేజీల్లో బోధించే వైపు వెళ్లొచ్చు. ఆ ఆలోచన డీఎస్సీ అయ్యాక.

సిలబస్ వెనకబడుతుందని హెడ్‌మాస్టర్ అంటే వాదించకండి. ఒక్క సెక్షన్‌లో వచ్చే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష వరకు చేసి చూస్తానని అడగండి. ప్రతి వారం పాత ప్రశ్నకు ఎంతమంది సరిగ్గా రాశారో ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసిపెట్టి, ఎఫ్ఏ అయ్యాక ఆయనకు చూపించండి.