రాతి సందులో తొంగిచూసే పురుగు ఏది? రీఫ్ ట్యాంకు ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది నాలుగడుగుల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. కొళత్తూరులో కొన్న లైవ్ రాక్ (జీవులు అంటుకుని ఉన్న సముద్రపు రాయి) వేసి ఆర్నెల్లయింది. రాత్రి లైట్లు ఆరాక టార్చి వేస్తే రాళ్ళ సందుల్లోంచి జానెడు పొడవు గులాబీ రంగు పురుగులు బయటికొస్తున్నాయి. నిన్న ఒక నత్త చచ్చింది. గుల్లలో చూస్తే ఇవే మూడున్నాయి. అన్నిటినీ చంపేయాలా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: శవం దగ్గర కనిపించినంత మాత్రాన హంతకుడనలేం. మీరు చెప్పిన రంగు, బయటికొచ్చే వేళ చూస్తే ఇవి బ్రిసిల్ వార్మ్‌లే (ముళ్ళ పురుగులే) కావచ్చు. చచ్చినవాటినీ, చేపలు వదిలేసిన మేతనూ తిని బతుకుతాయి. అవి లేకపోతే ఆ నత్త గుల్లలోనే కుళ్ళి అమోనియా పెరిగేది. అయినా రంగు ఒక్కటే చూసి తేల్చేయకండి, ఒకదాన్ని పట్టి చూడండి.

ఉల్లిపాయల వల సంచిని రెండు మూడు మడతలు వేసి, అందులో చిన్న రొయ్య ముక్క కట్టండి. లైట్లు ఆరిన అరగంటకి రాతి పక్కన ఇసుక మీద పెట్టండి. పురుగు ముళ్ళు వలకి చిక్కుకుంటాయి, గంటకల్లా పైకి తీయొచ్చు. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ చుడితే వెలుతురుకి బెదిరి లోపలికి పోదు. చేత్తో మాత్రం పట్టుకోకండి, పట్టకారు వాడండి. తెల్ల గిన్నెలో ట్యాంకు నీళ్ళే పోసి అందులో వేయాలి. కుళాయి నీళ్ళలో వేస్తే చూసేలోపే చచ్చిపోతుంది.

పది రెట్లు చూపే భూతద్దం చాలు. ముందు ఒంటిమీద కణుపులున్నాయా చూడండి. కణుపు కణుపుకీ రెండు పక్కలా తెల్లటి ముళ్ళ కుచ్చులుండి, తాకగానే అవి విచ్చుకుంటే బ్రిసిల్ వార్మే. దాన్ని ఉండనివ్వండి. కణుపులు లేకుండా జిగురుగా, రబ్బరులా సాగుతుంటే రిబ్బన్ వార్మ్. నారింజ రంగులో, ముళ్ళ కుచ్చులు లేకుండా, ఒళ్ళంతా జిగురుతో ఉంటే ఈనోన్ అని అనుమానించాలి. నత్తల్నీ ఆల్చిప్పల్నీ తినేది అది, దాన్ని తీసేయండి.

అసలు భయపడాల్సింది యూనిస్ జాతికి. తల మీద అయిదు మీసాలు స్పష్టంగా కనిపిస్తాయి, దవడలు కత్తెరలా ఉంటాయి, ఒళ్ళు పావురం మెడలా రంగులు మారుతూ మెరుస్తుంది. అందరూ బాబిట్ వార్మ్ అనే యూనిస్ ఆఫ్రొడిటోయిస్ ఈ జాతిదే. మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. యూనిస్‌లన్నీ అంత పెరగవు, కొన్ని నాచు తిని ఊరుకుంటాయి. కానీ వేలెడు లావున్నదాన్ని చేపలున్న ట్యాంకులో ఉంచకూడదు. పట్టుకుని లాగితే తెగుతుంది, తలున్న ముక్క రాతిలోనే ఉండిపోయి మళ్ళీ తోక పెంచుకుంటుంది. అందుకని అది తల బయటపెట్టే కన్నం గుర్తుపెట్టుకుని, పగలు ఆ రాయినొక్కదాన్నీ బకెట్‌లోకి తీయండి. ఆ కన్నంలోకి సిరంజితో సోడా కొట్టండి. నిమ్మకాయా ఉప్పూ కలపని వట్టి సోడా. ఊపిరాడక బయటికొస్తుంది. ఈ పని ట్యాంకులో చేయకూడదు. పట్టిన పురుగుని మెరీనా బీచికి తీసుకెళ్ళి వదలకండి.

బ్రిసిల్ వార్మ్‌ని కత్తిరించడం ఇంకా దండగ. మన రాళ్ళలో తరచూ కనిపించే యూరిథోయె రకం ముక్కలై సంతానం పెంచుకుంటుంది, ఒక్కో ముక్కా ఒక్కో పురుగవుతుంది. మందు వేసి ఒకేసారి చంపితే రాళ్ళ లోపల కుళ్ళి ట్యాంకు మొత్తం పోతుంది. సంఖ్య తగ్గాలంటే మేత తగ్గించండి. రెండు నిమిషాల్లో చేపలు తినగలిగినంతే వేయండి, గడ్డకట్టిన రొయ్యల మేతని కరిగించి ఆ నీళ్ళు పారబోయండి.

ముల్లు గుచ్చుకుంటే రుద్దకండి. సెల్లోటేప్ అంటించి పీకండి, తర్వాత వెనిగర్ రాయండి. ఆ ముళ్ళు సున్నపు పదార్థం. వాపు పాకుతున్నా ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇంకో మాట. డబ్బు కలిసొస్తుందని మన్నార్ సింధుశాఖ తీరంలో రాళ్ళు ఏరి తెచ్చుకునేవాళ్ళున్నారు. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు కింద ఉన్నాయి, చచ్చిన పగడమైనా అంతే. పురుగుల బెడద అసలొద్దనుకుంటే ఎండిన కృత్రిమ రాయి వాడండి.

ప్రశ్న: అద్దం మీదా, మెత్తటి పగడాల మీదా తుప్పు రంగు చుక్కలు పాకుతున్నాయి. నాలుగైదు మిల్లీమీటర్లుంటాయి, వెనక మూడు తోకలు. మందు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: మూడు తోకలుంటే ఎర్ర ఫ్లాట్‌వార్మే, కాన్వొల్యూట్రిలోబా. మందు చివరి మాట. ఇవి గుంపుగా చచ్చేటప్పుడు వదిలే విషం చేపల్ని చంపుతుంది. మందు మంచిదే అయినా ట్యాంకు ఖాళీ అయ్యేది అందుకే. ముందు గాలి పంపు సన్న గొట్టంతో సైఫన్ చేసి, గుడ్డలో వడకట్టి పారేయండి. వెలుతురు బాగా పడే చోట గుమిగూడతాయి కాబట్టి మధ్యాహ్నం చేస్తే ఎక్కువ దొరుకుతాయి. నాలుగైదు రోజులకోసారి చేస్తూ, కళ్ళకి దాదాపు ఆనకుండా పోయాకే అక్వేరియం కోసం అమ్మే ఫ్లాట్‌వార్మ్ మందు వాడండి. మోతాదు అసలు నీటి పరిమాణానికి లెక్కేయాలి. 4 అడుగులు, ఒకటిన్నర, ఒకటిన్నర కొలతల తొట్టి లెక్కకి 255 లీటర్లు, రాళ్ళూ ఇసుకా పోతే సుమారు 200. సంప్ (ట్యాంకుకి కలిపిన అదనపు తొట్టి) ఉంటే అందులోని నీళ్ళూ కలపండి. మూడో వంతు నీళ్ళు మార్చడానికి సరిపడా ఉప్పునీళ్ళు, విషాన్ని పీల్చుకునే కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) ముందే సిద్ధంగా పెట్టుకోండి. చేపలు ఎగశ్వాస తీస్తే వెంటనే నీళ్ళు మార్చాలి. సిక్స్‌లైన్ రాస్ చేప వీటిని తింటుందంటారు. కొన్ని తింటాయి, కొన్ని ముట్టవు.

ప్రశ్న: వెనక అద్దం మీద, పంపు మీద 2 మిల్లీమీటర్ల తెల్లటి చుట్టలు అంటుకున్నాయి. పురుగు గుడ్లా?
– ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: గుడ్లు కావు, అవే పురుగులు. స్పైరార్బిడ్‌లు, నీళ్ళు వడకట్టుకు తింటాయి, హాని లేదు. పంపు మీద పేరుకుంటే విప్పి, సగం వెనిగర్ సగం నీళ్ళలో అరగంట నానబెట్టి బ్రష్‌తో తోమండి. చుట్టలా కాక పొడవాటి గట్టి గొట్టంలా ఉండి, నోట్లోంచి సాలెగూడులాంటి జిగురు పోగులు వదులుతుంటే మాత్రం అది వెర్మెటిడ్ నత్త. పక్కనున్న పగడాల్ని చికాకు పెడుతుంది. గొట్టం మూతిని సూపర్‌గ్లూ జెల్‌తో మూసేయండి.