ఒప్పుకున్న సెలవును మళ్లీ అడుక్కోవాలా?

ప్రశ్న: మేము చంద్రపూర్‌లో ఉంటాము. మా తాతగారు బొగ్గు గనుల పని కోసం మంచిర్యాల వైపు నుంచి ఇటు వచ్చారు. నా వయస్సు 31. ముప్పై మందికి పైగా పనిచేసే ఒక బట్టల దుకాణంలో ఆరేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. నెలకు 14,000 జీతం. నాన్న అదే దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తూ చనిపోయారు. తరువాత సేఠ్ నన్ను పిలిచి ఈ ఉద్యోగం ఇచ్చారు. ఆయనను కాకా అనే పిలుస్తాను. నాన్న పోయాక అమ్మ, తమ్ముడు మంచిర్యాలకు వెళ్లిపోయారు. ఇప్పుడు అక్కడే తమ్ముడి పెళ్లి. 20 నుంచి 25 వరకు ఆరు రోజులు సెలవు కావాలని రెండు నెలల ముందే వాట్సాప్‌లో అడిగితే, సేఠ్ ‘ఠీక్ ఆహే, జా’ (సరే, వెళ్లు) అని మరాఠీలో జవాబు పెట్టారు. ఇప్పుడేమో లగ్గాల గిరాకీ ఉందని, మంచిర్యాల ఎంత దూరమని, తలంబ్రాల రోజు వెళ్లి మర్నాడు వచ్చేయమని అంటున్నారు. రోజూ ఉదయం గల్లా దగ్గర నిలబడి అడుగుతూనే ఉన్నాను. ఏడాదికి పైగా ఒక్క సెలవు కూడా తీసుకోలేదు. పని వేళలు పది నుంచి ఎనిమిది. సీజన్‌లో వారానికి నాలుగు రోజులు ఎనిమిదింటికి వేలిముద్ర వేయించి, షట్టర్ సగం దించి, పావు తక్కువ పది దాకా స్టాక్ లెక్క చేయిస్తారు. దానికి పైసా ఇవ్వరు. ఆయన దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఇంకా 30,000 బాకీ ఉంది. మా ఆయన ‘ఉద్యోగం పోతే కిస్తీలు ఎవరు కడతారు’ అంటున్నారు. అత్తయ్య రెండు రోజులు చాలంటున్నారు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది. జ్వరమని చెప్పి వెళ్లిపొమ్మని మా పిన్ని సలహా. నేనేం చేయాలి?

సలహా: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు తగాదాలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఒకటి సెలవుది, రెండోది రాత్రి పనికి రావలసిన డబ్బుది. ఈ రెండింటినీ ఒకే రోజు, ఒకే మాటలో సేఠ్ ముందు పెడితే రెండూ చెడిపోతాయి. ‘ఇన్నాళ్లూ ఊరికే రాత్రిళ్లు పనిచేశాను కదా, ఆరు రోజులు ఇవ్వలేరా’ అని మీరు అన్న మరుక్షణం, మీకు రావలసిన డబ్బును మీరే సెలవు కింద జమకట్టినట్టవుతుంది. ఆయన కూడా సంతోషంగా ఆ లెక్కకే ఒప్పుకుంటారు. పెళ్లి ముహూర్తం మీ కోసం ఆగదు. ఓవర్‌టైం డబ్బు ఆగుతుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల స్మృతి (కోడ్ ఆన్ వేజెస్) అనే కేంద్ర చట్టం ప్రకారం రావలసిన వేతనం కోసం మూడేళ్ల లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి ముందు పెళ్లికి వెళ్లి రండి, ఆ తరువాత డబ్బు సంగతి చూద్దాము.

సెలవు విషయంలో మీరు చేస్తున్న పొరపాటు ఒక్కటే: ఇచ్చిన దానిని మళ్లీ అడుగుతున్నారు. రోజూ ఉదయం గల్లా దగ్గర నిలబడి ‘కాకా, నా సెలవు సంగతి ఏం చేశారు’ అని అడగడం వల్ల, రెండు నెలల కిందట తేలిపోయిన విషయం ఇంకా తేలలేదని ఆయనకు మీరే చెబుతున్నారు. బట్టల దుకాణంలో ఆరేళ్లు పనిచేసిన మీకు నేను చెప్పనక్కరలేదు, బిల్లు కొట్టాక కూడా ధర మాట్లాడుతూ నిలబడే దుకాణదారుడిని ఏ గిరాకీ అయినా ఇంకాస్త తగ్గించమనే అడుగుతుంది. ఇకపై అడగకండి, తెలియజేయండి. అది కూడా నోటితో కాదు. ఆయన ‘ఠీక్ ఆహే’ అన్న సందేశానికి కిందనే, అదే వాట్సాప్‌లో, మీరిద్దరూ మాట్లాడుకునే మరాఠీలోనే రాయండి. ఇంచుమించు ఇలా ఉంటే చాలు:

“కాకా, నమస్కారం. తమ్ముడి పెళ్లికి 20 నుంచి 25 వరకు నా సెలవుకు మీరు ముందే ఒప్పుకున్నారు. ఆ ప్రకారం 19 రాత్రి బయలుదేరుతున్నాను. ఆ సాయంత్రానికి జమాఖర్చులన్నీ పూర్తి చేసి, రావలసిన బాకీల జాబితా మీకు ఇస్తాను. రోజువారీ గల్లా లెక్క ఎలా రాయాలో ఈ వారమే మన కౌంటర్‌లో ఒకరికి చూపిస్తాను. 26 ఉదయం పదింటికి పనిలో ఉంటాను.”

ఇందులో ‘మీకు వీలైతే’, ‘ఏమీ అనుకోకపోతే’ అన్న మాటలు లేవని గమనించండి. మైలపోలు ఏ రోజు, ఐరేని కుండలు ఏ రోజు, తండ్రి లేని ఇంట్లో పెద్ద ఆడబిడ్డగా మీరు ఏయే చోట నిలబడాలి అన్న వివరణ కూడా లేదు. అవి మీకు ప్రాణప్రదమైన సంగతులే, కానీ ఆయనకు చెప్పిన కొద్దీ ఒక్కొక్క దానిని ‘ఇది నువ్వు లేకున్నా జరుగుతుంది’ అని కొట్టివేసే అవకాశం ఇస్తున్నారు. బల్లార్‌షాలో రైలెక్కితే మంచిర్యాల కొన్ని గంటల దూరమే కావడం కూడా ఆయన చేతికి దొరికిన వాదన. ఊరు దగ్గరైతే పెళ్లి చిన్నదవుతుందా అని వాదించడానికి మీరు దిగకండి. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తితే, ‘కాకా, మీ ఇబ్బంది తెలుసు, అందుకే లెక్కలన్నీ ముందే ముగించి వెళ్తున్నాను, తేదీలు మాత్రం మారవు’ అని చెప్పి పనిలోకి వెళ్లిపోండి. రెండోసారి అడిగినా మాట అదే, గొంతు కూడా అదే ఉండాలి.

జ్వరం అబద్ధం మాత్రం వద్దు. మీ పిన్నిగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ బారాతులో మీరు నిలబడిన ఫోటో ఏ మేనమామ కూతురో స్టేటస్‌లో పెట్టిన క్షణాన మీ ఆరేళ్ల నిజాయితీ పోతుంది, పైగా న్యాయంగా మీదైన సెలవు దొంగ సెలవుగా మారుతుంది.

చట్టం విషయం కూడా స్పష్టంగా తెలుసుకోండి, ఎందుకంటే సగం తెలిసిన చట్టాన్ని కోపంలో ప్రయోగించడం ప్రమాదం. మహారాష్ట్రలో మీ వంటి దుకాణాలకు 2017 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. దాని ప్రకారం ఏడాదికి 8 రోజులు సాధారణ సెలవు; ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వారికి ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు; వాడుకోనివి 45 రోజుల వరకు కూడబెట్టుకోవచ్చు. ఏడాదికి పైగా ఒక్క రోజు కూడా తీసుకోని మీకు ఆరు రోజులు ఏ లెక్కన చూసినా ఎక్కువ కాదు. అయితే సెలవు నిరాకరించే అవకాశం యజమానికి ఎప్పుడూ ఉండదని అనుకోవద్దు. పని ఒత్తిడి ఉన్నప్పుడు కాదనడానికి చట్టం కొంత చోటు ఇస్తుంది. మీ బలం చట్టంలోని అంకెల కంటే, రెండు నెలల ముందు మీరు అడిగిన సందేశంలోను, ఆయన ఇచ్చిన రెండు మాటల జవాబులోను ఎక్కువగా ఉంది. ఆ సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి మీ ఈమెయిల్‌కు పంపి పెట్టుకోండి.

ఇక రాత్రి పని. మీరు రాసిన దానిలో నన్ను ఎక్కువగా కలతపెట్టినది షట్టర్ సగం దించడం కాదు, వెళ్లకుండానే వెళ్లినట్టు మీ వేలితో మీ చేత ముద్ర వేయించడం. రేపు ఎవరు అడిగినా ఆ యంత్రంలోని లెక్క మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. ఊరి నుంచి తిరిగి వచ్చాక మీరు మార్చవలసిన మొదటి విషయం ఇదే: దుకాణంలో నుంచి అడుగు బయట పెట్టేటప్పుడే వేలు పెట్టండి. ‘పంచ్ చేసి కూర్చో’ అని సూపర్‌వైజర్ అంటే, ‘కూర్చుంటాను, వెళ్లేటప్పుడు చేస్తాను, లేదా ఇప్పుడు చేసి ఇప్పుడే వెళ్తాను’ అని అనండి. ఈ ఒక్క అలవాటు వల్ల, డబ్బు గురించి మీరు నోరు తెరవకముందే చాలా రాత్రుల పని దానంతట అదే తగ్గిపోవచ్చు, ఎందుకంటే గంటలు నమోదు కావడం ఆయనకూ ఇష్టం ఉండదు.

గడిచిపోయిన రాత్రుల రుజువు కోసం మీరు దుకాణం కంప్యూటర్‌లోని పద్దులను ఫోటోలు తీయవద్దు. అది గిరాకీల సమాచారం, దానితో మీ మీదే నేరం మోపగలరు. మీ ఉద్యోగం లెక్కలు చూడడమే కాబట్టి, రోజు ముగిశాక గల్లా మొత్తం ఎంతో సేఠ్‌కు మీ ఫోన్ నుంచే పంపుతూ ఉంటారు కదా. ఆ ప్రతి సందేశం పక్కన 9.40 అనో 9.50 అనో సమయం ఉండే ఉంటుంది. వాటిని చెరిపివేయకుండా భద్రపరచండి. ఈ రోజు నుంచి ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఏ పని చేశారో రాసుకోండి.

లెక్క కూడా వేసి చూద్దాము. పది నుంచి ఎనిమిది వరకు, భోజనానికి ఒక గంట తీసివేసినా రోజుకు 9 గంటలు, ఆరు రోజులకు 54. చట్టంలో వారానికి 48 గంటలే. రోజువారీ పరిమితిని ఇటీవల పెంచినా వారం లెక్క మాత్రం మారలేదు. అంటే రాత్రి పని జోలికి వెళ్లకముందే వారానికి 6 గంటలు అదనం. నాలుగు రాత్రులు గంటా ముప్పావు చొప్పున కలిపితే 13 గంటలు. మీ జీతాన్ని 26 పనిదినాలతో, 8 గంటలతో భాగిస్తే గంటకు సుమారు 67 రూపాయలు. అదనపు గంటలకు రెట్టింపు ఇవ్వాలి కాబట్టి సీజన్‌లో వారానికి దాదాపు 1,750 రూపాయలు మీకు రావలసి ఉంది. మరొక విషయం, రాత్రి 9.30 తరువాత మహిళా ఉద్యోగిని ఆమె సమ్మతి లేకుండా పనిలో ఉంచకూడదు. సమ్మతించినా భద్రత, ఇంటి గుమ్మం వరకు వాహనం ఏర్పాటు చేయాలి. పావు తక్కువ పదికి మీరు ఒంటరిగా ఆటో వెతుక్కుంటూ ఉంటే అది ఆయన తప్పు.

మిమ్మల్ని ‘ఇన్‌చార్జ్’ అని పిలుస్తున్నారా? రాయలేదు కానీ అడుగుతున్నాను. నిర్వహణ, పర్యవేక్షణ, రహస్య స్వభావం గల ఉద్యోగాలు ఈ చట్టం పరిధిలోకి రావు, యజమానులు ఆ మినహాయింపును తమకు అనుకూలంగా వాడుకుంటూ ఉంటారు. అయితే అటువంటి వారి జాబితాను దుకాణం వెబ్‌సైట్‌లో, అది లేకపోతే దుకాణంలో అందరికీ కనిపించేలా పెట్టి, దాని నకలును కార్మిక శాఖ అధికారికి పంపాలి. అటువంటి జాబితా ఎక్కడా లేనప్పుడు ఉత్త పిలుపుకు భయపడకండి.

ఇప్పుడు అన్నింటికంటే కష్టమైన సంగతి. నాన్న పోయిన రోజుల్లో ఆయన పిలిచి ఉద్యోగం ఇచ్చారు, అవసరానికి అడ్వాన్సు ఇచ్చారు, మీరు ఆయనను కాకా అంటారు. ఈ కృతజ్ఞత నిజమైనదే, దాన్ని వదులుకోమని నేను చెప్పను. కానీ ఆరేళ్లు నమ్మకంగా గల్లా లెక్క చూశారు, ఒక్క రూపాయి తేడా రానివ్వలేదు. ఆ ఉపకారానికి బదులు ఆ పనిలోనే ఉంది. అడ్వాన్సు వేరు. అది అప్పు, దానిని డబ్బుతో తీర్చాలి, తమ్ముడి పెళ్లితో కాదు. నెలకు ఎంత కోసుకోవాలో ఒక కాగితం మీద రాయించుకోండి. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగానికి మించరాదు. ఒకవేళ కోపంలో ఆయన ‘రేపటి నుంచి రావద్దు’ అంటే, మీరు కూడా కోపంలో రాజీనామా రాసివ్వకండి, ఖాళీ కాగితం మీద సంతకం అసలే పెట్టకండి. ఉద్యోగం నుంచి తీసివేసినా, మీరు మానినా, రావలసిన వేతనం రెండు పనిదినాలలో ఇవ్వాలి.

మీ ఆయన మాటను శత్రువు మాటగా తీసుకోవద్దు. ఆయన భయం కిస్తీ గురించి, మీ పుట్టింటి గురించి కాదు. ఈ రాత్రి ఆయనతో కూర్చుని, ఒకవేళ నిజంగా ఉద్యోగం పోతే ఎన్ని నెలలు గడుస్తుంది, పద్దులు తెలిసిన మనిషికి చంద్రపూర్‌లోనో బల్లార్‌పూర్‌లోనో ఎక్కడెక్కడ పని దొరకవచ్చు అన్నది కాగితం మీద రాయండి. లగ్గాల గిరాకీ మధ్యలో లెక్కలు తెలిసిన మనిషిని పోగొట్టుకోవడం ఏ సేఠ్‌కూ లాభం కాదన్న సంగతి కూడా అప్పుడే చెప్పండి. అత్తయ్యగారికి మీరు కాక మీ ఆయన చెబితే మంచిది. అమ్మగారికి మాత్రం ఈ రోజే ఫోన్ చేసి 19 రాత్రి వస్తున్నానని చెప్పండి. మీరు నిశ్చయించుకోనంత కాలం ఆమె ఏడుపు ఆగదు.

పెళ్లి నుంచి వచ్చాక, ఒక వారం ఆగి, ఓవర్‌టైం విషయం సేఠ్ ఖాళీగా ఉన్న ఉదయం వేళ, ఒంటరిగా మాట్లాడండి. ముందు ఇకపై జరిగే పని గురించి అడగండి, పాత బాకీ తరువాత. ఆయన మాట ఇచ్చి నిలబెట్టుకోకపోతే కామ్‌గార్ (కార్మిక శాఖ) కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవల వారిని ఎలా కలవాలో చెబుతారు. వెళ్లే ముందు, మీతో పాటు స్టాక్ లెక్కకు కూర్చునే మిగతా వారిలో ఒకరిద్దరైనా కలిసి వస్తారేమో కనుక్కోండి. ఒక్కరి ఫిర్యాదు ‘ఆమె పొగరు’ అవుతుంది, ముగ్గురిది దుకాణం సమస్య అవుతుంది.