తోడికోడలి ఫ్లాటు, నా కుట్టుమిషను

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతాను. మావారు రైస్‌మిల్లులో గుమస్తా. పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు, అప్పుల్లేవు. మొన్న మా తోడికోడలు వాళ్లు హైదరాబాద్ నిజాంపేటలో మూడు బెడ్‌రూముల ఫ్లాటుకి గృహప్రవేశం చేశారు. వెళ్లొచ్చినప్పటి నుంచీ నా బతుకు ఎందుకూ కొరగానిదనిపిస్తోంది. ‘నీకన్నా లేనివాళ్లను చూసి తృప్తిపడు’ అంటారు మా అత్తగారు. మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయను?
– ఒక సోదరి, మండపేట

జవాబు: మీ అత్తగారిది పెద్దవాళ్లందరూ చెప్పే మాటే గానీ, నాకూ మింగుడుపడదమ్మా. ఆ లేనివాళ్లు రేపు ఓ స్థలం కొన్నారనుకోండి, కథ మళ్లీ మొదటికొస్తుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచినవాళ్ల ముఖాలను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలిస్తే, రజతం వచ్చినవాళ్లకన్నా కాంస్యం వచ్చినవాళ్లే సంతోషంగా కనిపించారు. రెండోవారి కళ్లు చేజారిన స్వర్ణం మీద, మూడోవారి కళ్లు వట్టిచేతులతో వెళ్లిన నాలుగో మనిషి మీద ఉంటాయని వాళ్ల వివరణ. అంటే ఇద్దరూ చూసేది పక్కవాళ్లనే. తామెంత బాగా ఆడామన్నది ఆ లెక్కలో లేనే లేదు.

ఫ్లాటు గురించి మీరు పేజీన్నర రాశారు (ఇక్కడ కుదించి వేశాం). టైల్సు రంగూ, చప్పుడు లేకుండా మూసుకునే వంటింటి అరల తలుపులూ కూడా వదల్లేదు. మీ పని గురించి మాత్రం చివర్లో ఒక్క వాక్యం: ‘ప్రిన్సెస్ కట్ కుట్టిచ్చాక సరిచేయమని ఎవరూ వెనక్కి తేరు.’ చంకలో ముడత పడకుండా, భుజం జారకుండా అది కుదరడం ఎంత కష్టమో కుట్టించుకునేదాన్ని, నాకు తెలుసు. ఆ వాక్యం రాసేటప్పుడు తోడికోడలు మీకు గుర్తు రాలేదు, గమనించారా? అక్కడి నుంచి మొదలుపెట్టండి. పిల్లల ఫీజులు, నెలనెలా ఓ చీటీ, ఆదివారం మిషను మూసేసే వెసులుబాటు... మీకేది ఎంతైతే చాలో అంకె వేసి రాసుకోండి. ఫ్లాటు కావాలనిపిస్తే అదీ రాయండి. కాకపోతే వాళ్లది చూడకముందు కూడా కావాలనుకున్నారా అని ఒకసారి ఆలోచించండి.

ఇంకోటి. లైనింగ్ జాకెట్టుకి మీరు 250 తీసుకుంటుంటే సందు చివర కొత్త షాపులో 400 అట. దాన్ని మాత్రం అసూయ ఖాతాలో వేసుకోకండి, అది మీ చేతిపనికి బజారులో ఉన్న ధర. తృప్తి పేరు చెప్పి తక్కువకి కుట్టక్కర్లేదు. శ్రావణమాసం రద్దీ మొదలుకాకముందే రేటు పెంచండి. పాతవాళ్లు ఒకరిద్దరు గొణుగుతారు, గొణగనివ్వండి.