కథను ముందు నోటికి తెచ్చుకో: మేనల్లుడికి ఓ ఉత్తరం

చి. మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ చిక్కడపల్లిలో అందరం క్షేమం.

నువ్వు వాట్సాప్‌లో పంపిన చక్రం బొమ్మ, దాని కింద రాసినదీ తీరిగ్గా చదివాను. హీరోకి పిలుపు రావడం, ఇల్లు వదలడం, గురువు దొరకడం, పరీక్షలు, చీకటి గుహ, చివరికి ఏదో సాధించి ఇంటికి తిరిగి రావడం. జోసెఫ్ క్యాంబెల్ అనే అమెరికా పండితుడు దేశదేశాల పురాణాలు పక్కపక్కన పెట్టి చూసి, 1949లో చెప్పిన క్రమం అది. ఇప్పుడు సినిమా కథలు రాసేవాళ్ళు కూడా దాన్ని నేర్చుకుంటున్నారు. అది చూడగానే నీ జీవితమే కనిపించిందని రాశావు. ఉద్యోగం మీద మనసు లేదు, పూజలో కూర్చుంటే కుదరడం లేదు, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. "నేనిప్పుడు ఏ స్టేజ్‌లో ఉన్నాను అత్తయ్యా? ఇంకెంత దూరం?" అని అడిగావు.

అది నేనే కాదు, ఎవరూ చెప్పలేరు నాన్నా. ఆ చక్రాన్ని గీసింది కథ అయిపోయాక పైనుంచి చూసినవాళ్ళు. మడుగులో మొసలి నోట కాలు చిక్కిన గజేంద్రుడికి అది పదో ఏడో, తొమ్మిదివందల తొంభై తొమ్మిదో ఏడో తెలియదు. వెయ్యేళ్ళు పోరాడాడని మనకు తెలుసు, ఆయనకు తెలియదు. కాబట్టి నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావన్న లెక్క ముందు మానెయ్. కథలను మాత్రం వదలకు. ఇప్పటికంటే గట్టిగా పట్టుకో. ఎలా పట్టుకోవాలో, ఇన్నేళ్ళు పిల్లలకు భాగవత పద్యాలు చెప్పినదాన్ని, నాకు తెలిసినంత చెబుతాను.

ఒక్క కథ తీసుకో. ఒక్కటే. నీకు గజేంద్ర మోక్షం సరిపోతుంది. పోతన భాగవతం అష్టమ స్కంధంలో ఉంటుంది. "చిన్నప్పుడే చదివేశాను" అంటావు, తెలుసు. నువ్వు చదివింది పరీక్షలో ప్రతిపదార్థం రాయడానికి. ఇప్పుడు రోజూ పొద్దున్నే పైకి, గొంతెత్తి చదువు. ఫోన్‌లో వినడం వేరు, నీ నోటితో పలకడం వేరు. ఓ మండలం, అంటే నలభై రోజులు, అలా చదివితే, నువ్వు ప్రయత్నించకుండానే కొన్ని పద్యాలు నోటికి వచ్చేస్తాయి. దీన్ని ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, ఆ కథలోనే కారణం ఉంది. గజేంద్రుడు అంత కష్టంలో అంత గొప్ప స్తోత్రం ఎలా చేశాడు? ఏనుగుకు వేదాంతం ఎక్కడిది? పూర్వజన్మలో నేర్చుకున్నది అప్పుడు గుర్తుకొచ్చిందని వ్యాసుడే చెప్పాడు. ఆపద వచ్చిన రోజున పుస్తకం వెతికే తీరిక ఎవరికీ ఉండదు. లోపల ఉన్నదే పైకి వస్తుంది. అందుకే బాగున్న రోజుల్లోనే నింపుకోవాలి.

ఇక చదివేటప్పుడు నిన్ను నువ్వు ఎప్పుడూ ఏనుగు స్థానంలోనే పెట్టుకోకు. ఆ చక్రంలో ఉన్న చిక్కు అదే. అందులో ఎవరు చూసుకున్నా హీరో తానే. ఇంట్లో ఉన్నవాళ్ళు, ఆఫీసులో ఉన్నవాళ్ళు అందరూ తన ప్రయాణంలో వచ్చే పాత్రలైపోతారు. మన పురాణం అలా చదవడానికి ఒప్పుకోదు. ఒక పద్యం చూపిస్తాను.

"పాదద్వంద్వము నేలమోపి పవనున్ బంధించి పంచేంద్రియో
న్మాదంబున్ బరిమార్చి బుద్ధిలతకున్ మారాకు హత్తించి..."

రెండు కాళ్ళూ నేలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, అయిదు ఇంద్రియాల పిచ్చిని అణచి, బుద్ధి అనే తీగకు కొత్త చిగురు తొడిగించి, అలసట లేకుండా బ్రహ్మపదాన్ని పట్టుకుని ఉండే యోగీంద్రుడిలాగా... అని సాగుతుంది. ఎవరి గురించనుకున్నావు? మొసలి గురించి! ఏనుగు కాలిని అది అంత ఏకాగ్రతతో పట్టుకుందట. పోతన దాన్ని దుష్టుడిగా వదిలెయ్యలేదు, యోగితో పోల్చాడు. పైగా కథ చివర చూడు. సుదర్శనం తగలగానే ముందు శాపం తీరింది మొసలికే. హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపం వల్ల అలా అయ్యాడు. తన రూపం తనకు రాగానే హరికి మొక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతే గజేంద్రుడి సంగతి.

నిన్ను పట్టుకున్నదేదో ఉంది కదా, ఆ మీ మేనేజరో, ఇంటి అప్పో, మనసులో ఆ వెలితో, దాన్ని ఓ వారం ఈ పద్యం పక్కన పెట్టుకుని చూడు. అది ఎంత పట్టుదలగా నిన్ను పట్టుకుందో చూడు. అంత పట్టుదల నీ జపంలో ఉందా? నాకు ఈ పద్యం చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

మరో వారం ఆడ ఏనుగుల పక్షాన నిలబడి చదువు. కష్టం రాగానే అందరూ వదిలేసి పోయారని చాలామంది ఈ కథ చెబుతుంటారు. పోతన అలా అనలేదు. ఆయన్నొక్కణ్ణీ విడిచి పోవడానికి కాళ్ళు రాక చూస్తూ నిలబడ్డాయన్నాడు. చెయ్యగలిగింది ఏమీ లేదు, వెళ్ళనూ లేవు. నీ భార్య ఈ ఆరు నెలలుగా నిన్ను చూస్తున్న చూపు అదే. ఆమె సంగతి నువ్వు రాసినదాంట్లో ఒక్క వాక్యం కూడా లేదు, నాకు బాధ కలిగింది.

సందేహాల గురించి రాశావు. నమ్మకం నిలవడం లేదు కాబట్టి నీకు అర్హత లేదేమో అని. "ఎవ్వనిచే జనించు" అని మొదలుపెట్టి అంత ధీమాగా పలికిన గజేంద్రుడే, కొన్ని పద్యాలు దాటగానే ఏమన్నాడు? దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, "కలడు కలండనెడువాడు కలడో లేడో" అన్నాడు. ఉన్నాడో లేడో! ఈ మాట ప్రార్థన మధ్యలో ఉంది, ప్రార్థనలో భాగంగానే ఉంది. ఆ సందేహం దాటాకే "లా వొక్కింతయు లేదు" వచ్చింది, "నీవే తప్ప నితఃపరం బెరుగ" వచ్చింది. సందేహం వచ్చిందని కూర్చున్న చోటు నుంచి లేచిపోకు. అదే మాట పైకి అను. పోతన నీకోసం కందపద్యంలో కట్టి పెట్టాడు.

ఇదే కథకు వెనక సగం ఒకటి ఉంది. నువ్వు ముఖ్యంగా చదవాల్సింది అదే. ఆ ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే ద్రవిడదేశపు రాజు. విష్ణుభక్తుడు. కొండ మీద మౌనంగా ధ్యానంలో ఉండగా అగస్త్యుడు వచ్చాడు. రాజు లేవలేదు, పలకరించలేదు. దాంతో ఏనుగుగా పుట్టమని శాపం. గమనించావా, ఆయన తాగుతూనో జూదమాడుతూనో లేడు. ధ్యానంలోనే ఉన్నాడు! సాయంత్రం గంటసేపు తలుపు వేసుకుని కూర్చుంటున్నాననీ, పిల్లాడు తలుపు కొడితే చిరాకు వస్తోందనీ రాశావు. లేచి తలుపు తియ్యి. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పద్యం చదువు. ఈ విషయంలో నేను మొహమాటపడను. ఇంట్లో వాళ్ళను కసురుకునేలా చేసే సాధన ఏదైనా సరే, ఆ రోజుకి ఆపెయ్యడమే మంచిది.

ఉద్యోగం మానేసి అరుణాచలం వెళ్ళి కొన్నాళ్ళు ఉంటానన్న మాటకు వస్తాను. వెళ్ళు, సెలవు పెట్టి వెళ్ళి గిరిప్రదక్షిణ చేసి రా. మానెయ్యడం వద్దు. మన కథల్లో ఎవరు బయల్దేరారో చూడు. గజేంద్రుడు నీళ్ళు తాగడానికి మడుగుకి వెళ్ళాడు. ధ్రువుడు తండ్రి ఒళ్ళో చోటు దొరక్క, సురుచి అన్న మాట పడలేక వెళ్ళాడు. పరీక్షిత్తుకు ఏడు రోజుల్లో చావని శాపం వచ్చి గంగ ఒడ్డున కూర్చున్నాడు. నచికేతుడిని తండ్రే కోపంలో యముడికిచ్చేశానన్నాడు. వీళ్ళలో ఒక్కరూ "నేను మేలుకోవాలి" అని టికెట్ బుక్ చేసుకుని వెళ్ళలేదు. ఉన్నచోట వచ్చిపడిన దాన్ని దాటవేయలేదు, అంతే.

ఇంకొక కథ మన ఊళ్ళోనే ఉంది. గోల్కొండ కోటలో బాలాహిస్సార్‌కి ఎక్కే దారిలో రామదాసు బందీఖానా ఉంది కదా, పిల్లాణ్ణి తీసుకుని ఓ పొద్దున్నే వెళ్ళు. ఎండెక్కితే జనం, సెల్ఫీల గోల. లోపలి చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా నిలబడు. గోడమీద రాతిలో చెక్కిన మూర్తులు అప్పుడు మెల్లగా కనబడతాయి. రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న, పాల్వంచ పరగణాకు తహశీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో అక్కడ బంధించారు. పన్నెండేళ్ళని చెబుతారు. అక్కడ ఆయన ఓపిగ్గా, శాంతంగా కూర్చున్నాడనుకుంటున్నావా? సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, దానికి పదివేల మొహరీలు పట్టింది, "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని రాముణ్ణే నిలదీశాడు. మళ్ళీ వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, కోపగించుకోకు అని బతిమాలాడు. కోపం వస్తే దేవుడి మీదే చూపించు, పర్వాలేదు. మీ ఆవిడ మీద చూపించకు.

ఆ కథలో నన్ను ఇప్పటికీ వదలని సంగతి మరొకటుంది. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకుని బాకీ చెల్లించడానికి వచ్చారంటారు కదా. ఎవరికి కనిపించారు? తానీషాకి! అన్నేళ్ళు జైల్లో పాడినవాడికి రసీదు దొరికింది, బంధించినవాడికి దర్శనం దొరికింది. సినిమావాళ్ళ లెక్క ప్రకారం ఇది తప్పు. బహుమానం హీరోకి రావాలి. మన పెద్దలు మాత్రం ఈ కథను మార్చకుండా ఇన్ని తరాలుగా అలాగే చెప్పుకుంటూ వచ్చారు. ధ్యానంలో నీకు వెలుగు కనబడలేదు, మీ ఫ్రెండుకి నెలలోనే కనిపించిందని రాశావే, అక్కడ ఈ కథ గుర్తు తెచ్చుకో. అనుభవం ఎవరికి, ఎప్పుడు అన్నది మన చేతిలో లేదు. పాడటం మన చేతిలో ఉంది.

మూడింటి మెలకువ మాత్రం పురాణాలకు వదిలెయ్యకు. అర్జునుడు ఒళ్ళు వణుకుతోందనీ, నోరు ఎండుతోందనీ, చర్మం మండుతోందనీ, గాండీవం జారిపోతోందనీ ఒక్కొక్కటీ కృష్ణుడికి విప్పి చెప్పుకున్నాడు. ఆ అధ్యాయానికి విషాద యోగమని పేరు. దాచుకుని ఉంటే గీత ఉండేది కాదు. వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి సహించకపోతే, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళు. రాత్రిపూట ఎవరూ దొరకకపోతే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి, ఖర్చు ఉండదు, తెలుగులోనూ మాట్లాడతారు. మందు వేసుకుంటే సాధన చెడుతుందని ఎవరైనా అంటే వాళ్ళ మాట వినకు.

ఒకవేళ రేపు నీకు నిజంగానే ఏదో విప్పారినట్టు, తేలికైనట్టు అనిపించిందనుకో. అప్పుడు ధ్రువుడి కథలో చివరి భాగం తియ్యి. అయిదేళ్ళవాడు తపస్సు చేశాడు, హరి ప్రత్యక్షమయ్యాడు, అక్కడితో మన టీవీ సీరియళ్ళు ఆపేస్తాయి. భాగవతం ఆపలేదు. ఇంటికి తిరిగొస్తూ అంతటివాణ్ణి ఎదురుగా పెట్టుకుని ఇంత చిన్నది అడిగానా అని కుమిలిపోయాడు. తర్వాత రాజయ్యాడు. తమ్ముడు ఉత్తముణ్ణి ఒక యక్షుడు చంపాడని, ఆ కోపంలో ఏ పాపమూ ఎరగని యక్షులెందరినో చంపుకుంటూ పోయాడు. తాత స్వాయంభువ మనువు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. దేవుణ్ణి కళ్ళారా చూసినవాడికీ ఆపే తాత ఒకడు కావలసి వచ్చాడు. నీకు అలాంటి మనిషిని ఒకరిని ఇప్పుడే చూసి పెట్టుకో. నీ కోపం తెలిసినవాళ్ళు, నీ ముఖం మీదే చెప్పగలవాళ్ళు అయి ఉండాలి. మీ నాన్న పనికిరాడు, అన్నయ్య నిన్ను ఏమీ అనలేడు. మీ ఆవిడ అయితే బాగుంటుందని నా ఉద్దేశం.

పుస్తకం టీకా, తాత్పర్యం ఉన్నదే తీసుకో. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి దొరుకుతాయి, అచ్చు పెద్దగా ఉన్నది చూడు. మొదట "కలడందురు" కందం పట్టు, చిన్నది, త్వరగా వస్తుంది. ఆ తర్వాత "లా వొక్కింతయు" శార్దూలం. "పాదద్వంద్వము" కాస్త కష్టం, సమాసాలు పొడుగు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక తడబడతావు. ఆ ఒక్కదానికి ఫోన్ చెయ్యి, విరిచి చెబుతాను. సాయంత్రం ఆరు తర్వాత ఖాళీగానే ఉంటాను.

వదినకు నమస్కారాలు, అమ్మాయికి, పిల్లాడికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ అత్తయ్య